పది పికోఫారడ్ల విజయదశమి

శ్రీమత్సకల చెల్కభూమండల మండనమై, ఎర్రమట్టి దుమ్మును కుంకుమగా ధరించి, పల్లిచేల పచ్చదనమును పట్టుచీరగా చుట్టుకొని, హైదరాబాదు బెంగుళూరు రాజమార్గముపై అహోరాత్రము లారీల ఘోష వినుచు విరాజిల్లు పాలమూరు సీమలో, కొత్తకోటకు కూతవేటు దూరమున నున్న ఒకానొక పల్లెయందు, ఆశ్వయుజ శుక్ల దశమినాడు, ట్రాక్టర్ల ముందు గుమ్మడికాయలు పగిలి, బైకుల మెడలలో బంతిదండలు ఊగి, ఇంటింట మసాలా నూరు చప్పుళ్ళు రణభేరులై మ్రోగుచుండగా, పూర్వము వీరులు జమ్మిచెట్టుపై నుండి ఆయుధములు దించుకొనిరని పెద్దలు చెప్పు ఆ పుణ్యదినమున, ఒక వీరవనిత బఠానీ గింజంత మట్టిబిళ్ళలతో చేసిన ఘోరసంగ్రామమును చెప్పెదను. కూర ఉడుకువరకు తీరిక గలవారెల్లరు వినుడు. తీరిక లేనివారు కూర కలుపుచునే వినుడు.

ఆ వీరవనిత పేరు వర్షిత. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివిన విద్యావతి, సోల్డరింగ్‌ఖడ్గధారిణి, మల్టీమీటరుహస్త, కాలిన వ్రేళ్ళను నోట పెట్టుకొని చల్లార్చుకొను కఠోరతపస్విని. ఆమె తండ్రి ఎల్లస్వామి పల్లిచేను రైతు. ఆ వానకాలమున అతడు కాలువగట్టుపై జారి పడగా మోకాలు బూరెవలె పొంగెను. దవాఖానలో డాక్టరమ్మ మోకాలు ఒత్తి చూచి, నడక తగ్గించనిచో ఇక మంచమే గతియని ఖండితముగా చెప్పెను. అయితే బోరుమోటరు కాలువ కవతల, గట్లన్నియు దాటి, చేని కొసన నుండెను. దానిని నడుపుటకు ప్రొద్దున పోవలెను, ఆపుటకు మాపున పోవలెను. మోకాలికి ఈ సంగతి చెప్పిన వినదు, చేనికి మోకాలి సంగతి చెప్పిన అసలే వినదు.

అట్టి తండ్రి కుంటుచు పోవుట చూడలేక వర్షిత ఒకనాడు గడప మీద నిలిచి ఇట్లు ప్రతిన బూనెను:

“నాయినా! గీ దసరా సంది నువ్వు మోటరు కాడికి నడుసుడు బంద్. గిట్ల గడప మీద కూసొని బటన్ ఒత్తు, గాడ నీళ్ళు దుంకుతయి. దుంకకపోతే నా పేరు వర్షితనే కాదు!”

“పేరు మార్చుడెందుకు బిడ్డా, ఆధార్ కార్డుల మళ్ళ ఎక్కియ్యాలె,” అనెను ఎల్లస్వామి. “దసరా నాడు నేను జమ్మికి పోయి మర్లేసరికి మోటరు నడిస్తె మంచిది. నడవకుంటె నేనే నడుస్త. చేను ఎండవెట్టుకొని కూసుంటనా?”

సిమ్ము వేసి నడుపు స్టార్టర్లు అంగడిలో దొరకును గదా యని అడుగువారు ఈ గాథను ఇక్కడనే వదలి అంగడికి పోవచ్చును. ఇది తన చేతితో కట్టినదానితోనే తండ్రిని గెలిపింతునని పంతము పట్టిన ఆడపిల్ల కథ.

ఆమె కట్టిన యంత్రము రెండు డబ్బాలు. ఒకటి గడప కాడ నుండి పిలుచునది, రెండవది బోరు కాడ స్టార్టరులో కూర్చొని ఆ పిలుపు వినునది. గడప కాడి డబ్బా ఒకే ఒక స్వరమున పిలువవలెను. రవంత హెచ్చినను తగ్గినను బోరు కాడి డబ్బా అలిగిన అల్లునివలె పలుకనే పలుకదు. ఆ స్వరమును నిలుపునవి రెండు: సన్నని రాగితీగ చుట్ట యొకటి, కెపాసిటరు అను రెండుకాళ్ళ మట్టిబిళ్ళ యొకటి. బిళ్ళ విలువ పెరిగిన స్వరము దిగును, తరిగిన ఎక్కును. ఆ విలువను కొలుచు మానము పికోఫారడు. అది ఎంత స్వల్పమనగా, చుట్ట దగ్గరకు వ్రేలు తెచ్చిన చాలును, రేడియో కంఠము మారిపోవును.

సూత్రము వేసి గుణించగా విలువ పది వచ్చెను. పది పికోఫారడ్ల బిళ్ళ నతికి ముందునాటి సాయంకాలమున గడప కాడి డబ్బాను బోరు కడకే కొనిపోయి ఒత్తి చూడగా, బోరు కాడి డబ్బాలో ఎర్రబుగ్గ, అనగా చిన్నదీపము, చక్కగా వెలిగెను. బుగ్గ ఒక గుక్క త్రాగునంత సేపు ఆరక వెలిగిన పిమ్మట మోటరు అందుకొనునట్లును, మరల ఒత్తిన ఆగునట్లును ఆమె ఏర్పాటు చేసియుండెను. కాని మోటరు నడుపుట పండుగనాడే జరుగవలెనని బుగ్గ వెలుగుట మాత్రము చూచి వ్రేలు తీసెను. ఆ ముహూర్తపు ఆశయే కొంప ముంచినది.

తెల్లవారెను. వర్షిత స్టార్టరు సరిచూచుటకు బోరు కడకు పోయెను. ఇంట ఆమె తల్లి ఉప్పలమ్మ తలంటు పోసికొని, తడిపసుపు గిన్నె ఎడమచేత, కుంకుమభరిణె కుడిచేత ధరించి ఆయుధపూజకు బయలుదేరెను. ఆ తల్లి యింట ఇనుము గాని, తీగ గాని, మర గాని బొట్టు లేక దసరా దాటుట కల్ల. నాగలికి బొట్టు, గొర్రుకు బొట్టు, బైకుకు బొట్టు, మిక్సీకి బొట్టు, కుక్కరుకు బొట్టు, టీవీకి బొట్టు, పోయిన ఏడు చెడి అటకెక్కిన ఫ్యానునకు సైతము నిచ్చెన వేసి బొట్టు. ఆ క్రమమున ఆమె గడప కాడి డబ్బా ముందు నిలిచెను. అందరివలె మూతకు పెట్టిన సరిపోయెడిది. కాని కన్నకడుపు ఊరుకొనదు గదా! మూతకు పెట్టిన లోపలికి అందదేమో యని తలచి, మూత తెరచి, వెదకి వెదకి, నడుమ చుట్టలు చుట్టుకొని తళతళలాడు రాగితీగనే దీని ప్రాణమని నిశ్చయించి, దాని మీద తడిపసుపు నిండార అద్ది, నడుమ కుంకుమ నిలిపి, నమస్కరించి, మూత పెట్టెను.

తడిపసుపు ఆ చుట్ట మీద తానే ఒక కెపాసిటరై కూర్చుండెనని ఆ తల్లికి తెలియదు. శ్రోతలారా, మీకు తెలిసినది. వర్షితకు తెలియదు. మీరు నోరు మూసుకొని వినుడు.

బోరు కడ వేపచెట్టు నీడన నులకమంచముపై ఆమె మేనమామ విజేందరు వార్తాహరుడుగా నియమింపబడెను. అతడు మటను కొరకు మక్తల్ నుండి విచ్చేసిన మహానుభావుడు. బుగ్గ వెలిగినదా లేదా అని ఫోనులో చెప్పుట అతని పని. వర్షిత ఇంటికి మరలి, గడప మీద పద్మాసనము వేసి, ఇష్టదేవతలను తలచి, బొటనవ్రేలితో బొత్తాము నొక్కెను.

“మామా, ఎలిగిందా?”

“ఏది ఎలగాలె?”

“ఎర్రబుగ్గ!”

“లే బిడ్డా. నా బీడి ఒక్కటే ఎలుగుతాంది.”

ఆ మాట విని వర్షిత మూత తెరచి చూచెను. రాగిచుట్ట మీది బొట్టు ఆమె కన్నులకు కనబడెను, మనసునకు కనబడలేదు. పుట్టినది మొదలు దసరానాడు బొట్టు లేని వస్తువును చూడని కన్నులవి. వాటికి ఆనాడు బొట్టులేని చుట్టయే వింతగా తోచెడిది. కావున ఆమె కోపమంతయు నిరపరాధియైన మట్టిబిళ్ళ మీదికి మరలెను. “ఓరీ దశసంఖ్యాధరా! నిన్న నన్ను నమ్మించి, నేడు రణరంగమున వెన్ను చూపిన పిరికిపందా! నీ పాదద్వయమును సీసద్రవము నుండి పెకలించి, నీ స్థానమున నీకన్న శూరుని నిలిపెదను!” అని ఆమె భావము. నోట వచ్చినది మాత్రము “థూ, గిదేం లొల్లి పెట్టినవ్‌రా” అని.

అంతట పది పెకలింపబడి నేల గూలెను. వర్షిత హైదరాబాదు కోఠి గల్లీల నుండి తెచ్చిన బిళ్ళల డబ్బా తెరచెను. అది ఒకప్పటి గులాబ్‌జామ్ డబ్బా. అందు సన్నని నడుము గల ఎనిమిది పాయింటు రెండు, దాని అన్నయై యుండియు ఎవరికిని అవసరపడని తొమ్మిది పాయింటు ఒకటి, పొట్టివాడైన ఆరు పాయింటు ఎనిమిది, గంభీరుడైన పన్నెండు వరుసగా నిలిచియుండిరి. వారి వెనుక నూట నాలుగు అను అంకెను ముఖమున వ్రాయించుకొని, నూటనాలుగే కాబోలునని లోకమును భ్రమింపజేసి, నిజమునకు లక్ష పికోఫారడ్లు మ్రింగి కూర్చున్న మహాకాయు డొకడు ఆవులించుచుండెను. వానితో నేటి కథకు పని లేదు. ఊరి పెద్దమనిషి గనుక పేరు చెప్పితిని.

ఎనిమిది పాయింటు రెండు రంగము ప్రవేశించెను. సీసము పొగలు చిమ్మెను, వీరవనిత ముక్కుపుటములు అదరెను, వంటింటి నుండి అల్లంవెల్లుల్లి పరిమళము సైన్యమువలె వచ్చి ఆ పొగను తరిమెను. ఆమె బొత్తాము నొక్కెను.

“ఎలిగింది! ఎలిగింది బిడ్డా! గీ బుగ్గ ఎలిగింది!” అని విజేందరు మంచము మీద నుండి లేచెను. అతడు మటను పిలుపునకు గాక వేరొక దానికి లేచుట అదియే మొదటిసారి. అంతలోనే అతని గొంతు జారెను. “అయ్యో, ఆరింది. పాడుగాను, నేను లేసినందుకే ఆరినట్టున్నది. మళ్ళ పండుమంటవా?”

ఏమి జరిగినదో వినుడు. తడిపసుపును ఎనిమిది పాయింటు రెండును కలిసి సరిగా పది అయ్యెను, స్వరము కలిసెను. కాని పండుగ ఎండ గడప దాకా వచ్చుచుండెను. ఎండకు పసుపు ఆరెను. పసుపు ఆరినకొలది దాని పికోఫారడు తరిగెను. అది తరిగినకొలది స్వరము ఎక్కెను. స్వరము ఎక్కగా బుగ్గ ఆరెను. కనబడు శత్రువుతో నెవడైనను పోరాడును. ఎండుచున్న శత్రువుతో పోరాడుట వర్షితకే చెల్లెను.

“ఎనిమిది చాలుతలేదు, జర ఎక్కువ గావాలె” అని ఆమె సరిగానే ఊహించి, తొమ్మిది పాయింటు ఒకటిని ఎత్తెను. ఆ బిళ్ళకు జీవితమున తొలిసారి అవసరము కలిగెను. దాని కాళ్ళు కత్తిరించి, అతికి, ఇక నొక్కుదమన్న క్షణమున వంటింటి నుండి ఉప్పలమ్మ కేక వినవచ్చెను.

“పొద్దుగాల సంది ముద్ద ముట్టకపోతివి. జర తిని చెయ్యరాదే! కూర సల్లగైతె రుచి ఉంటదా?”

మహాయోధులు శత్రువును జయింతురు గాని వేడి మటనును జయింపరు. వర్షిత లోనికేగెను. ఆ సమయముననే ఉప్పలమ్మ గడప కడకు వచ్చి, డబ్బా మూత తీసియుండుట చూచి, పెట్టిన బొట్టు ఎండి రాలుచున్నదని గుండె చెదరి, పండుగపూట ఎండిన బొట్టు మంచిది కాదని గిన్నెలో వ్రేలు ముంచి మరల తడిపసుపు అద్దెను. మునుపటికన్న నాలుగింతలు ఎక్కువ. చేయి కడిగికొని వచ్చిన వర్షిత బొత్తాము నొక్కెను, తొమ్మిది పాయింటు ఒకటి ఓడెను. ఆరు పాయింటు ఎనిమిది నిలిపెను, ఓడెను. పన్నెండు నిలిపెను; అది ఎందుకు నిలిపినదో ఆమెకే తెలియదు, ఓడెను. రెండు బిళ్ళలను జంటగా కట్టి నిలిపెను, జంటగా ఓడిరి. గడప ముందు నేలయంతయు తెగిన కాళ్ళు, కాలిన బిళ్ళలు. ఒక కోడి వచ్చి ఆరు పాయింటు ఎనిమిదిని ముక్కున పొడిచి, గింజ కాదని ఉమిసి పోయెను.

“బిడ్డా,” అని ఫోనులో విజేందరు మృదువుగా పిలిచెను. “స్టార్టర్ పచ్చబటన్ నా మోచేతి కాడనే ఉన్నది. నేనే ఒత్తనా? ఎవలకు చెప్ప, నీ మీద ఒట్టు.”

శ్రోతలారా, ఆ ప్రశ్న మీ మనసులో ఎప్పటినుండియో ఉన్నదని నాకు తెలియును.

“మామా! గా బటన్ మీద చెయ్యి వడ్డదో, నీ రాత్రి మటన్ బంద్! రేపు నువ్వు మక్తల్ పోతవు. ఎల్లుండి ఎవలు ఒత్తాలె? నాయిన మోకాలు ఒత్తాల్నా?”

విజేందరు మోచేతిని మంచము కిందికి దించుకొనెను.

ప్రొద్దు వాలెను. డప్పులు మ్రోగెను. ఊరు ఊరంతయు జమ్మికి కదలెను. ఎల్లస్వామి కొత్త అంగీ తొడిగి, చెప్పులలో కాళ్ళు పెట్టి, గడప మీద బిళ్ళల శవముల నడుమ కూర్చున్న కూతుని చూచెను. కోపగింపలేదు, నవ్వలేదు.

“పోనీ బిడ్డా. నీ అసొంటి పిల్ల గింత కష్టపడ్డది, గదే సాలు. నేను జమ్మి దెంపుకొని అటుమొఖానే మోటరు కాడికి పోయొస్త. రేపటిసంది కట్టె పట్టుకొని మెల్లగ నడుస్త. ఫికర్ జెయ్యకు.”

ఫికర్ చేయవద్దనిన తండ్రి కుంటుచు పోవు వీపును చూచినప్పుడు వర్షితకు కండ్లలో నీరు తిరిగెను. పది మంది తిట్టిన ఆమె తట్టుకొనెడిది. ఆ మెత్తని మాట తట్టుకొనలేకపోయెను. చుట్టను పట్టుకొని చివరిసారి తడిమి చూచి, ఓడిపోతినని ఒప్పుకొని, ముంజేతితో కన్నులు, వ్రేళ్ళతో నొసలు తుడుచుకొనెను.

అది చూచి ఉప్పలమ్మ ఫక్కున నవ్వెను. “నొసలంత పసుపు పులుముకుంటివి గదనే! ఎల్లమ్మ పూనినట్టున్నవ్.”

వర్షిత వ్రేళ్ళు చూచుకొనెను. పసుపు! తడిపసుపు! చుట్టను చూచెను. చుట్ట మీద పసుపు, పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద ఒక అక్షింత. ప్రొద్దున నుండి తాను లెక్కింపక విడిచిన కెపాసిటరు పండుగ కళతో తనవైపే చూచుచుండెను. ఆ క్షణమున ఆమె మదిలో మెరసిన జ్ఞానమును వర్ణించుటకు నా సంస్కృతము చాలదు.

“అమ్మా! దీనికి బొట్టు ఎవలు వెట్టిండ్రు?”

“నేనే వెట్టిన. మధ్యాహ్నం ఎండితె మళ్ళ వెట్టిన. ఇప్పుడు జమ్మికి పోయేముందు ఇంకోపారి వెడుదామనుకుంటున్న.”

“ఇంకోపారా! అమ్మా, గది తుడువాలె. గా బొట్టుతోనే నా డబ్బా ఖరాబైంది!”

అంతట అసలు యుద్ధము మొదలయ్యెను. ఉప్పలమ్మ చీరకొంగు నడుమున దోపి, పసుపుగిన్నె ఎత్తిపట్టి, కూతుని ఎదుట నిలిచెను. “ఏమంటివే? దసరా పూట బొట్టు తుడుస్తవా? బొట్టు వెట్టంగ ఖరాబైన సామాను లోకంల ఉన్నదానె? నాగలికి వెట్టిన, ఖరాబైందా? టీవీకి వెట్టిన, ఆడుతలేదా? నీ డబ్బాకే గింత షోకు ఎందుకు?”

“నాగలి లోపల రేడియో లేదమ్మా!”

“మీద వెడుతె లోపలికి అందదని, మూత దీసి ఎతికి వెట్టిన. నడుమల సుట్టలు సుట్టుకొని ఉన్నది, గదే పానమనుకున్న.” ఉప్పలమ్మ పసుపుగిన్నె దించెను. “నువ్వు రోజు ఏళ్ళు కాల్చుకుంటవ్. మీ నాయిన రోజు కుంటుకుంట పోతడు. నాకు నీ లెక్కలు రావు. వచ్చింది గీ బొట్టొక్కటే. గదన్న జెయ్యకుంటె ఎట్లనే?”

వర్షిత తుడుచుటకు తెచ్చిన దూదిని పక్కన పెట్టెను. ఎందరో పండితులు ఎన్నో పరికరములతో వెదకి కనుగొను యంత్రపు హృదయస్థానమును ఆ తల్లి చూపుతోనే పట్టెను గదా! వర్షిత తల్లి చేయి పట్టుకొని గడప మీద కూర్చుండబెట్టెను.

“అమ్మా, నువ్వు వెట్టింది సరిగ్గ పానం మీదనే. గందుకే గింత ఆగమైంది. తడి తలిగితె దాని గొంతు మారుతది. నువ్వే తీసి మూత మీద వెట్టు. నేను తుడువ. నువ్వు జరుపు.”

ఉప్పలమ్మ క్షణము ఆలోచించెను. తుడుచుట పాపము, జరుపుట పాపము కాదు. దేవుని పటమును సైతము ఇంటికి సున్నము వేయునప్పుడు జరుపుదురు గదా. ఆమె కొంగుకొసతో చుట్ట మీది బొట్టును తడి లేకుండ ఎత్తి కండ్లకద్దుకొని, డబ్బా మూత మీద కొత్త బొట్టును రూపాయి బిళ్ళంత పెట్టి, మిగిలిన కుంకుమ కూతుని నొసట దిద్దెను. వర్షిత కోడి తొక్కిన మట్టిలో నుండి ప్రొద్దున తాను తిట్టి పారవేసిన పదిని వెదకి, ఊది, క్షమాపణ చెప్పి, మరల దాని స్థానమున అతికెను.

ఆ సమయమున కాలువ కవతల, ఎల్లస్వామి జేబున జమ్మియాకు ధరించి, చివరి గట్టు దిగి, స్టార్టరు ముందు నిలిచెను. విజేందరు సిగ్గుతో తల వంచెను. ఎల్లస్వామి నిట్టూర్చి పచ్చబొత్తాము వైపు వ్రేలు చాచెను. వ్రేలికిని బొత్తామునకును నడుమ జానెడు ఎడముండెను. జానెడు బెత్తెడయ్యెను.

ఎర్రబుగ్గ వెలిగెను. ఆరలేదు. ఒక గుక్క గడిచెను. స్టార్టరు టక్కున పలికెను, భూగర్భమున మోటరు హుంకరించెను, పైపు గుటకలు మ్రింగి, బుస్సున గాలి విడిచి, మోకాలి లోతు కాలువలోనికి తెల్లని నీటిని దుమికించెను. ఎల్లస్వామి ఉలికిపడి వెనుకకు దుమికెను, చెడిన మోకాలి మీదనే.

“బిడ్డా!” అని అతడు ఫోనులో అరచెను. “నేను ముట్టలే! ఒట్టు, నేను ముట్టలే! దానంతటదే...” ఆ పిమ్మట ఫోనులో నీళ్ళ చప్పుడు మాత్రమే వినబడెను. వర్షితకు అంతకన్న ఏమియు వినవలసిన పని లేదు. పక్క నుండి విజేందరు గొంతు వచ్చెను. “బిడ్డా, రాత్రి మటన్ ఉన్నట్టేనా?”

ఎల్లస్వామి జేబులోని జమ్మియాకును తీసి, పెద్దవారి చేతిలో పెట్టినట్లు, స్టార్టరు డబ్బా మీద పెట్టెను.

విజయఫలమును కూడ వినుడు. మరునాటి ఉదయమున మోటరు గడప మీద నుండియే నడుపవలసియుండెను. వర్షిత డబ్బా పట్టుకొని చూడగా గడప మీద తండ్రి లేడు, చెప్పులు లేవు. కొంతసేపటికి ఫోను మ్రోగెను.

“బిడ్డా, నేను మోటరు కాడికి వచ్చిన. ఇప్పుడు ఒత్తు. దానంతటదే నడుస్తుంటె సూడాలె.”

ఆనాడు మొదలు ప్రతి ఉదయము అతడు గట్లన్నియు దాటి, చేని కొసకు పోయి, మోటరు ముందు చేతులు కట్టుకొని నిలిచి, తన బిడ్డ దూరము నుండి నడుపు మోటరును చూచి మురిసి, దారిన పోవువారిని పిలిచి చూపి మరలుచున్నాడు. ఉప్పలమ్మ తిట్టును, డాక్టరమ్మ తిట్టును, వర్షిత తల పట్టుకొనును. అయితే ఆపుటలో వింత లేదని అతని అభిప్రాయము గనుక, సాయంకాలమున మాత్రము గడప మీదనే కూర్చుండి బొత్తాము నొక్కును.

కావున ఈ మహాసంగ్రామమున, ఇన్ని బిళ్ళలు నేలగూలి, ఇంత పసుపు చింది, ఇంత సీసము కాలి, మన వీరవనిత ఎల్లస్వామి మోకాలికి గెలిచి యిచ్చినది సరిగా సగము నడక. ఆ సగము నడకకు జయము! దానిని నిలిపిన పది పికోఫారడ్లకు జయము! మూత మీద, కేవలము మూత మీద, నిలిచిన బొట్టుకు జయము!